సిందూరం పెట్టుకున్న పిట్ట

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. దేన్నీ తట్టి చూడకుండా నమ్మరు. తట్టి చూశాక ఇంకెవరినీ నమ్మరు. ఖరగ్‌పూర్ రైల్వే యార్డులో ఆగిన బండి చక్రాలను సుత్తితో తట్టి, మోత విని పగుళ్లు పట్టుకునే ఉద్యోగం వరాహనరసింహం గారిది. ఇంటికొచ్చాక సుత్తి ఉండదు గానీ తీర్పు ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో మూత తట్టి చెబుతారు. నా మాటలో పస ఉందో లేదో నేను నోరు తెరవకముందే చెబుతారు.

ఎనభై ఏడు వేసవిలో, ట్రాఫిక్ కాలనీలోని మా క్వార్టరు వెనక, సగం ఎండిన దిరిసెన చెట్టుకి వడ్రంగి పిట్టల జంట తొర్ర చేసుకుంది. అంట్లు తోమే చోట నిలబడితే కిటికీలోంచి సరిగ్గా నా కళ్లకు ఎదురు. బీయస్సీలో జంతుశాస్త్రం చదివినదానికి, పెళ్లయ్యాక అదే నా మొదటి ప్రాక్టికల్. రెండూ వంతులేసుకుని తొలిచాయి, వంతులేసుకుని పొదిగాయి. ఒకటి రాగానే రెండోది ఎగిరిపోయేది. ఎక్కడికని అడిగే దిక్కు లేదు. అది చూసీ చూసీ కాబోలు, తెలుగువాళ్లుండే తాల్‌బగీచా పేటలో మన తెలుగు పిల్లలకి సాయంత్రాలు సైన్సు చెప్పమని అక్కడి లీలావతి టీచరు అడగ్గానే సరేనన్నాను.

ఇంట్లో మాత్రం సరే కాలేదు. కాఫీ ఎవరిస్తారు, దీపం ఎవరు పెడతారు అని మొదలుపెట్టి, మా ఆయన చెట్టు వైపు చెయ్యి చూపించారు. నెత్తి నిండా ఎరుపున్న పిట్ట తొర్రలోకి దూరుతోంది. నుదురు నల్లగా ఉండి, వెనక కాస్త ఎరుపున్నది బయటికి ఎగిరిపోయింది.

"సూడు. బెంగాలీ ఇల్లాలి లాగ నెత్తినిండా సిందూరం. పొద్దు గూకీసరికి గూటికొచ్చీసింది. మగోడు బయట తిరుగుతాడు. పిట్టకున్న బుద్ధి నీకు నేదేటి?"

రోజూ సాయంత్రం అదే పాఠం. పక్క క్వార్టరు బెంగాలీ దాదాని పిలిచి మరీ చూపించారు. నేను అంట్లు తోముకుంటూ విన్నాను.

క్లాసులు మొదలయ్యే రోజు వచ్చింది. చీర మార్చుకుని చెప్పులేసుకున్నాను. ఆయన మళ్లీ చెట్టు చూపించారు. అత్తగారు బాలాంబ చేటలో పప్పు ఏరుతూ అక్కడే కూర్చున్నారు.

"ఆ సిందూరంది మగదండి," అన్నాను. "రాత్రంతా గుడ్ల మీద కూర్చునేది అదే."

"నీకెలాగ తెల్సు?"

"ఫాల్గుణంలో ఈ కిటికీలోంచే చూసినాను, ఏది దేని మీద ఎక్కిందో. అత్తయ్యగారి ముందు చెప్పమంటారా?"

చేటలో చెయ్యి ఆగింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ, భుజాలు ఊరుకోలేదు. "సెప్పించుకుంటావేటిరా?" అన్నారు కొడుకుతో.

ఆయన నా చెప్పుల వంక చూశారు, చెట్టు వంక చూశారు. కుర్చీ చేతిని వేలితో రెండుసార్లు తట్టారు. అది ఏం చెప్పిందో తెలీదు. తొర్రలోంచి ఎర్రనెత్తి బయటికి వచ్చి ఇటే చూస్తోంది.

"నాదే తప్పు. అది మగదే," అన్నారు, పక్క క్వార్టరుకి కూడా వినబడేలా. "కాఫీపొడి డబ్బా ఎక్కడుందో సెప్పీసి ఎల్లు."