తెరేసమ్మ గారి మామూలు పొడి

గుణదల నుంచి సిటీ బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్ళి, వెంకటసుబ్బారావు గారి కొట్లో కాఫీ పొడి పట్టించుకోవడం తెరేసమ్మకి ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆవిడ గుమ్మమెక్కగానే ఆయన అడక్కుండానే గింజలు మరలో పోసేవారు. చికోరీ ఎంత కలపాలో ఆయన చేతికే తెలుసు. ముందొచ్చినవాళ్ళు గొణుక్కుంటుంటే తెరేసమ్మకి, పైకి చెప్పుకోకూడదు గానీ, మహా సంబరంగా ఉండేది.

ఇప్పుడా కొట్టుకి ఏం మాయరోగమొచ్చిందో, సుబ్బారావు గారు హైదరాబాదు కంపెనీ ఒకదానితో కలిసిపోయారు. అద్దాల తలుపులూ, టోకెన్లూ, కంపెనీ తరఫున జయకృష్ణ అనే మేనేజరూ! కిందటి నెల అతగాడు ఫోన్ నంబరు అడిగితే, "ఇన్నేళ్ళూ నా మొహం చాలింది, ఇప్పుడు నంబరెందుకయ్యా?" అని తెరేసమ్మ కసిరేసింది.

ఈ శనివారం వరసలో ఆవిడ ముందు ఒక అమ్మాయి. నంబరు చెప్పింది. సుబ్బారావు గారు స్క్రీను చూసి, "శాలిని గారూ, మీ మామూలేగా?" అన్నారు నవ్వుతూ.

తెరేసమ్మ మెడ సాచి ఆ పిల్లని ఎగాదిగా చూసింది. మామూలట! నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి మామూలేంటి? ఆ మాట నాది కాదూ!

ఆవిడ వంతొచ్చింది.

"నంబరు చెప్పండి మేడమ్," అన్నాడు జయకృష్ణ.

"చెప్పను."

"పోనీ, చికోరీ ఎంత వెయ్యమంటారు?"

తెరేసమ్మ సుబ్బారావు గారి మొహంలోకి చూసింది. ఆయన తల వంచుకుని మర తుడుస్తున్నారు.

"అసలు వద్దు. చికోరీ లేకుండా ఇమ్మనండి," అంది గట్టిగా. అదేంటమ్మా, అట్లా అయితే మీకు సయించదుగా, అంటారని ఆశ.

"సరేనండీ," అన్నారాయన. అటు తిరిగి పొడి పట్టి, పొట్లం చేతికిచ్చారు. దానిమీద 'చికోరీ సున్నా' అని చీటీ అంటించి ఉంది.

బస్సులో ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. అంతేలే, ఇరవై రెండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే.

ఇంటికొచ్చి, ఉసూరుమంటూ ఫిల్టర్ వేసింది. కాసేపటికి మూత తీసి చూస్తే డికాషన్ నల్లగా, చిక్కగా దిగి ఉంది. పాలు కలిపి గుక్కెడు తాగింది. తన మామూలే! ఆ మేనేజరు ముక్కు కిందే సుబ్బారావు గారు చికోరీ కలిపేశారన్నమాట! ఒంటరిగా ఉన్నా పకపకా నవ్వేసింది.

సగం గ్లాసు తాగాక చెయ్యి ఆగిపోయింది.

మరి ఆ శాలినికో? ఆ పిల్లకీ ఇట్లాగే, స్క్రీను చూసినట్టే చూసి, తన చేతి లెక్కనే కలుపుతున్నారా?

పొడి నెలకి సరిపడా ఉంది. అయినా వచ్చే శనివారం మళ్ళీ వెళ్ళాలని, ఆ పిల్లకన్నా ముందే టోకెన్ తీసుకోవాలని తెరేసమ్మ నిశ్చయించుకుంది.