ఇరవై మూడు పొదల లెక్క

హుమైద్ దొంగతనమేమీ చేయలేదు. దొంగ మొక్కలు నాటాడు, అంతే.

సినాయ్ కొండల్లోని వాళ్ళ లోయకి ఏటా వసంతంలో కైరో నుంచి డాక్టర్ నివీన్ వచ్చి మొక్కలు లెక్కపెడుతుంది. నీలిపూల వాము అనే పొద ఆ చుట్టుపక్కల తప్ప లోకంలో ఇంకెక్కడా లేదట. నిరుడు లోయంతా తిరిగినా ఒక్కటీ కనబడలేదు. "వచ్చే ఏడూ ఇంతే అయితే లోయకి కంచె పడుతుంది హుమైద్, మేకల్ని రానివ్వరు," అని చెప్పి వెళ్ళింది. ఆమెకి దారి చూపే పని హుమైద్‌ది. మేకలు అతని మేనత్త ఫ్రేజావి. ఆ పద్దెనిమిది మేకలు తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదు.

అత్త పెరట్లో అదే పొద ఒకటుంది. పెరటి మొక్కలు డాక్టరమ్మ లెక్కలోకి రావు. హుమైద్ దాని కొమ్మలు తుంచి, వేళ్ళు పట్టించి, శీతాకాలమంతా డబ్బాతో నీళ్ళు మోసి లోయలో అక్కడొకటి ఇక్కడొకటి నాటాడు. దేవుడు వరసలో నాటడన్న సంగతి మాత్రం మరిచిపోలేదు.

వసంతంలో డాక్టరమ్మ ఇరవై మూడు లెక్కపెట్టి, ఒక్కోదాని నుంచి ఒక ఆకు పొట్లం కట్టుకుంది. ప్రతి పొద దగ్గరా హుమైద్ ఆశ్చర్యపోయాడు. రెండుచోట్ల కాస్త ఎక్కువే ఆశ్చర్యపోయాడు.

నాలుగు నెలలకి ఆమె మళ్ళీ వచ్చింది.

"డీఎన్ఏ చూశాం. ఇరవై మూడూ ఒకటే మొక్క."

"ఒకే జాతి కదా డాక్టరమ్మా, పోలికలుంటాయి."

"అన్నదమ్ములకైనా ఎక్కడో తేడా ఉంటుందయ్యా. వీటికి అదీ లేదు. తల్లి ఎక్కడ?"

ఇక బుకాయించి లాభం లేదని అత్త పెరట్లోకి తీసుకెళ్ళాడు. ఫ్రేజా పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే చెప్పింది.

"దాన్నెవరూ నాటలేదు తల్లీ. ఇల్లు కట్టకముందు నుంచీ ఉంది. మేకలు కొరికేస్తున్నాయని మా అత్తగారు చుట్టూ గోడ పెట్టింది. ఈ దద్దమ్మ చాటుగా తుంచుకెళ్ళాడు. అడిగితే నేనే ఇద్దును కదా."

బండ చీలికలోకి దిగిన వేరు చూసి డాక్టరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది పెరటి మొక్క కాదు. కొండమొక్కే. మిగిలింది ఇదొక్కటే," అంది. హుమైద్ గుండె తేలికపడింది. ఒక జాతినే నిలబెట్టిన గోడకి సన్మానం చేస్తారు గానీ ఇంకేం చేస్తారు?

ఆమె అలాగే రాసింది. ఆఫీసువాళ్ళు వాళ్ళకి అర్థమైనట్టు చదువుకున్నారు. చలికాలంలో ఉత్తర్వు దిగింది. లోయలోవన్నీ నాటిన మొక్కలే గనక మేకలు నిరభ్యంతరంగా మేయవచ్చు. ఫ్రేజా పెరడు మాత్రం రక్షిత స్థలం. అందులోని గోడ అనుమతి లేని కట్టడం, నెలలోగా తొలగించాలి.

"గోడ తీసేస్తే ఈ కాగితం మేకలకెవరు చదివి చెప్తార్రా?" అనడిగింది ఫ్రేజా.

ఆ సంగతీ ఆలోచించారు. గోడ తీసేసిన చోట కాపలాకి ఒక మనిషిని వేశారు, చోటు తెలిసినవాడని హుమైద్‌నే. మేకా మనిషీ పొద దగ్గరికి రాకూడదు. ఇంటివాళ్ళకీ మినహాయింపు లేదు.

మొదటి రోజు పొద్దున్నే ఫ్రేజా చెంబుతో నీళ్ళు తెచ్చింది. వాన పడని ప్రతి ఏడాదీ ఆ పొదకి నీళ్ళు పోసేది ఆవిడే. హుమైద్ లేచి అడ్డంగా నిలబడ్డాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"కాస్త జరుగు నాయనా," అంది.

"కుదరదత్తా," అన్నాడు.