వంటింట్లో బజర్

మంచాన పడ్డ తండ్రి పిలిస్తే వంటింట్లోకి వినబడడం లేదని, కూతురు రెండు చిన్న రేడియో మాడ్యూళ్లు కొనుక్కొచ్చింది. ఒకటి సిగ్నల్ పంపేది, ఇంకొకటి అందుకునేది. రెండింటికీ జానెడేసి రాగి తీగను యాంటెన్నాగా అతికించింది. మంచం పక్కన బటన్ నొక్కితే గోడ అవతల పొయ్యి దగ్గర బజర్ మోగేది.

తండ్రి పోయాక ఆమె బటన్ డబ్బాలోంచి బ్యాటరీ తీసేసింది. పొయ్యి దగ్గర ప్లగ్గులోనే ఉండిపోయిన బజర్ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఒక మధ్యాహ్నం అది దానంతటదే మోగింది. తల్లి చేతిలో గరిటెతోనే గదిలోకి పరుగెత్తి, ఖాళీ మంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

కూతురికి తన మీద తనకే ఒళ్లు మండింది. వచ్చిన సిగ్నల్ మనదో కాదో సరిచూసే కోడ్ పెట్టాల్సింది, ఇంట్లోదే కదా అని వదిలేసింది.

"అమ్మా, ఇది చవకరకం. అటునుంచి ఏమీ రాకపోతే ఊరుకోదు. చెవులు రిక్కించి గాల్లో ఉన్న రొదంతా వింటుంది, అందులో ఏదో ఒకటి పిలుపనుకుని మోగుతుంది. పీకేస్తానుండు," అంటూ స్క్రూడ్రైవర్ అందుకుంది.

"ఉండనీవే," అంది తల్లి. "మీ నాన్నా అంతేగా. పడుతూ లేస్తూ వెళ్తే, ‘ఏం లేదు, ఊరికే నొక్కాను’ అనేవారు. ఎన్నిసార్లు కసురుకున్నానో."

కూతురు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేసింది.

సాయంత్రం బజర్ మళ్లీ మోగింది. అటువైపు బ్యాటరీ కూడా లేదని తెలిసిన కూతురే ఈసారి ముందు లేచి గదిలోకి వెళ్లింది.