పాత లైబ్రరీకి మద్దతు

ఆ వాక్యం రాసింది నేనే. "వచ్చే వెర్షన్ నుంచి పాత లైబ్రరీకి మద్దతు ఉండదు." మలయాళంలో రాసి మా ప్రాజెక్టు పేజీలో పెట్టాను. అందులో తప్పేమీ లేదు.

ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒకరు రాసిన ముక్కని మరొకరు వాడుకుంటారు. అలాంటి ముక్కల కట్టని లైబ్రరీ అంటారు. నా లైబ్రరీ చేసే పని చిన్నది. మలయాళం మాటల్ని వెతికి పెడుతుంది, అక్షరక్రమంలో పేరుస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే రోజుల్లో మొదలుపెట్టాను. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగు చెయ్యొచ్చు. తీసుకున్నవాళ్లకు లెక్కలేదు. విప్పి చూసినవాళ్లం ఇద్దరం. ఒకణ్ణి నేను, రెండోవాడు తిరూర్‌లో ఉండే అజ్మల్.

మాట చివర వచ్చే పొల్లులను, న్, ర్, ల్ లాంటివాటిని, మేం చిల్లు అంటాం. మొదట్లో కంప్యూటర్లో ఒక చిల్లు రాయాలంటే మూడు మీటలు నొక్కాలి. తర్వాత ఒక్కో చిల్లుకీ ఒకే గుర్తు వచ్చింది. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. నా మొదటి వెర్షన్ పాత రాత చదువుతుంది, రెండోది కొత్త రాత చదువుతుంది. మారేవాళ్లకు ఇబ్బంది లేకుండా రెంటికీ మధ్య ఒక వంతెన కట్టాను. అందరూ దాటిపోయారు. వంతెన నాకు మిగిలింది. ఎక్కడ ఏ చిన్న మార్పు వచ్చినా అది కూలుతుంది, నేను మళ్లీ నిలబెట్టాలి. రిటైరయ్యాక నేను చేసిందల్లా ఆ చిల్లు పూడ్చడమే.

అందుకే తీసేద్దామనుకున్నాను. తీసేస్తే నేను ఆ పనినుంచి విడుదలవుతాను. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

చెర్పుళశ్శేరిలో ఉండే విలేకరికి ఆ వారం వార్తలు దొరకలేదనుకుంటాను. మా పేజీలోది ఎత్తి పేపర్లో వేశాడు. "పాత లైబ్రరీలకు మద్దతు ఉపసంహరించుకున్న వేలాయుధన్." మా వైపు ఊరికో వాయనశాల, వాయనశాలకో కమిటీ, కమిటీకో తగాదా ఉంటాయి. లైబ్రరీ అంటే జనానికి అదే.

తెల్లవారేసరికి కమిటీ మొత్తం మా వాకిట్లో ఉంది. గొడుగులు మడిచి అరుగు మీద ఆరబెట్టారు. ముందు శంకుణ్ణి మాష్, అంటే మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, వాయనశాల కార్యదర్శి.

"పేపర్లో పడేంతటివాడివయ్యావు వేలాయుధా. మా వాయనశాల నీకేం ద్రోహం చేసింది?"

"మీ వాయనశాల గురించి కాదు మాషే."

"పాత లైబ్రరీ అని రాసుంది. ఈ తాలూకాలో మాకంటే పాతది ఏదుందో చెప్పు."

"ఇది కంప్యూటర్లో ఉండే లైబ్రరీ."

"మాదీ కంప్యూటర్లోనే ఉందయ్యా!"

వెనకనుంచి సైనబ నవ్వింది. వాయనశాలలో పుస్తకాలిచ్చేది ఆమే. ఆ కమిటీలో నవ్వడం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

విడమర్చి చెప్పాను. పాలు లేని కట్టన్ చాయ పెట్టి ఇచ్చాను. మాష్ ముఖం తేటపడింది. అందరూ విలేకరిని నాలుగు తిట్టారు.

"అయితే ఆ పాత ముక్కని ఇప్పుడెవరూ వాడట్లేదా వేలేట్టా?" అంది సైనబ. ఏట్టా అన్నా, చేట్టా అన్నా మా దగ్గర అన్నయ్యా అనే.

"ఒక్కచోట వాడుతున్నారు."

"ఏ దేశంలో?"

"మీ వాయనశాలలో."

గ్లాసులు కిందికి దిగాయి. విలేకరి పొరబాటున నిజం రాశాడు.

వాయనశాల కంప్యూటరు సంగతి చెప్పాలి. భార్గవి నా భార్య. స్కూల్లో టీచర్. జబ్బు చేసి సెలవులో ఉన్నప్పుడు మాష్ ఆటోలో పుస్తకాలు వేసి మా ఇంటికి పంపేవాడు, ఆ కంప్యూటరుతో సహా. పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు, ఏ అలమారలో ఉందో అన్నీ ఎక్కించాలి. కమిటీలో ఎవరూ ముట్టుకోని పని. "టీచర్‌కి మనసు మళ్లుతుంది" అనేవాడు. భార్గవికి ఎవరినీ కాదనడం రాదు. ఆసుపత్రినుంచి వచ్చి, వాంతులు తగ్గాక, కూర్చునేది. ఆటో ఎక్కించినవి పట్టుకుపోయేది, మళ్లీ నిండుగా వచ్చేది. ఆమె పోయాక కంప్యూటరుని తీసుకెళ్లి, ఇత్తడి పలక బిగించి, భార్గవి టీచర్ స్మారక కంప్యూటర్ అన్నారు. పైన ఫొటో పెట్టారు. నన్ను అడక్కుండా నన్ను రక్షాధికారిని చేశారు. మా దగ్గర ప్రతి కమిటీకీ ఒక రక్షాధికారి కావాలి. ఆయన మాటకి విలువుండదు, పేరు మాత్రం నోటీసులో వేస్తారు.

ఆ కంప్యూటరు పుస్తకాల పట్టికనీ సభ్యుల జాబితానీ తాలూకా సర్వరుకి పంపుతుంది. ఎవరు ఏ పుస్తకం అడిగినా వెతికేది సర్వరే. సర్వరులో నా లైబ్రరీ కొత్తది ఉంటుంది. ఆ యంత్రంలో మాత్రం మొదటిదే. మధ్యలో నా వంతెన.

మర్నాడు వాయనశాలకి వెళ్లాను. ఆమె పోయాక అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు.

"యంత్రంలో కొత్తది వేస్తాను. పాత పట్టికని కొత్త రాతలోకి మార్చేస్తాను. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది," అన్నాను.

"ముట్టుకోవడానికి వీల్లేదు," అన్నాడు మాష్. "టీచర్ ఎలా వదిలి వెళ్లిందో అలాగే ఉంచాలని తీర్మానం ఉంది."

"ఆమె వాడిన కీబోర్డు ఏది?"

మాష్ గోడవైపు చూశాడు.

"దాన్ని ఎలుక కొరికింది వేలేట్టా," అంది సైనబ. "ఎలుక కమిటీలో పెట్టకుండానే కొరికేసింది."

"సైనబా!"

"ఉన్నమాటే కదా మాషే."

"చూడు వేలాయుధా, నీ బాధ నాకు తెలియంది కాదు. కానీ తీర్మానం మార్చాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలి. అది ఓణం పండగ అయ్యాకే. అప్పటిదాకా ఓపిక పట్టు. పైగా నువ్వే రక్షాధికారివి, నువ్వే ఇలా అంటే ఎట్లా?"

"నా పేరు తీసెయ్యండి."

"దానికీ సర్వసభ్య సమావేశమే."

ఇంటికి వచ్చేసరికి ఈ కథ ఇంటర్నెట్లో పాకింది. పేపరులో పడ్డదానికి ఎవరో భార్గవి ఫొటో కలిపి పెట్టారు. ప్రాజెక్టు పేజీ నిండా జనం. భార్య జ్ఞాపకాన్ని నిలబెడుతున్న వంతెన అని ఒకరు. దయచేసి తీసెయ్యకండి అని ఇంకొకరు. ముఖమూ పేరూ తెలియని దేశాలవాళ్లు ఎర్రగుండెలు పెట్టారు. పేజీ చివరిదాకా చదివాను. వంతెన నేను చూసుకుంటాను అన్నవాడు ఒక్కడూ లేడు.

అజ్మల్ ఫోన్ చేశాడు. "ఏట్టా, ఏం చేద్దాం? నాక్కూడా మెసేజీలు వస్తున్నాయి. మా ఉమ్మ కూడా అడిగింది, పాపం టీచర్‌ది ఎందుకురా తీసేస్తారని."

"మీ అమ్మకి ప్రోగ్రామింగ్ వచ్చా?"

"లేదేట్టా."

"అయితే విడుదల చెయ్."

"ఓణం దాకా ఆగుదామా?"

"అజ్మల్, నువ్వు చెయ్యకపోతే నేను చేస్తాను."

వంతెన తీసేసిన మూడో వెర్షన్ ఆ రోజే బయటికి వెళ్లింది. వారాంతంలో తాలూకా సర్వరు దాన్ని తీసుకుంది. నేను నిద్రపోయాను. చాలా కాలానికి పగలు పడుకున్నాను.

సోమవారం సైనబ ఫోన్. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"వేలేట్టా, మా దగ్గర మగాళ్లందరూ పోయారు."

"ఏంటి?"

"ఏ మగాడి పేరు కొట్టినా లేదంటోంది. రాఘవన్ లేడు, మాధవన్ లేడు, నాయర్లు ఒక్కరూ లేరు. ఆడవాళ్లు మాత్రం అందరూ ఉన్నారు. దేవకి ఉంది, సరోజిని ఉంది. నేనూ ఉన్నాను. సభ్యుల జాబితాలో మీరు కూడా లేరు."

"మాష్?"

"శంకుణ్ణి కదా, చివర చిల్లు లేదు. రాయిలా ఉన్నాడు."

మగ పేర్లు చాలావరకు చిల్లుతో ముగుస్తాయి మా భాషలో. ఆడపేర్లు ముగియవు. ఇది ముందే ఊహించాల్సింది అని ఎవరైనా అనొచ్చు. ఊహించాను. జరగనీ అనుకున్నాను.

మాష్ ఓణం దాకా ఆగలేదు. పాఠకులు కౌంటరు దగ్గర గొడవ చేస్తున్నారు. అత్యవసర సమావేశం పెట్టి, పట్టికని మార్చడానికి రక్షాధికారికి అనుమతి ఇస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. గెలిచాననుకుని వెళ్లాను. మార్చే ప్రోగ్రాము పెన్‌డ్రైవులో తీసుకెళ్లాను. నడిపాను. పని ముగించి ఆగింది. మారిన పేర్లు చూశాను.

మలయాళం అంకెల్లో తొమ్మిదీ, న్ అనే చిల్లూ చూపుకి ఒకేలా ఉంటాయి. మందులు వాడేకొద్దీ భార్గవి వేళ్ల కొసలు మొద్దుబారాయి. మూడు మీటలు నొక్కాల్సిన చోట తొమ్మిది నొక్కింది. ఒక్క మీట. తెరమీద పేరు సరిగ్గానే కనబడేది. వెతికినప్పుడు దొరకడంలేదని నాతో అంటే, వంతెనలో ఒక వరస చేర్చాను. మాట చివర తొమ్మిది ఉంటే రెండు రకాలుగానూ వెతుకు అని. వెతకడానికి అది చాలు. మార్చడానికి చాలదు. మార్చాలంటే ఏదో ఒకటి తేల్చాలి. అలమార నంబర్లు కూడా ఆమె మలయాళం అంకెల్లోనే, అలమార అన్న మాట తర్వాత ఖాళీ వదలకుండా, రచయిత పేరు ఉండే గడిలోనే రాసింది. వంతెన వరసలతోనే రాసిన నా ప్రోగ్రాము తొమ్మిదినల్లా చిల్లు చేసింది. అలమార తొమ్మిదిలో ఉన్న పుస్తకాలన్నీ అలమారన్ అనే ఆయన రాసినట్టు తేలింది.

"ఈ అలమారన్ బాగా రాస్తాడా వేలేట్టా?" అంది సైనబ.

"అన్నీ ఇలాగేనా?" అన్నాడు మాష్.

"ఏది తొమ్మిదో ఏది చిల్లో పుస్తకం తీసి చూస్తేగానీ తెలీదు. ఒక్కొక్కటీ మనిషి చూడాలి."

"సైనబకి చెబుదాం."

"నేనొక్కదాన్నే కౌంటరు చూసుకోవాలి, రిజిస్టరు చూసుకోవాలి, మీ ఉపన్యాసం వినాలి. ఇది కూడానా?" అంది సైనబ.

అందరూ నావైపు చూశారు. ఎవరూ అడగలేదు. కుర్చీ జరిపారు.

కూర్చున్నాను. పాత రాతలో ఉన్న పట్టికని తెరిచి, ఒక్కొక్క పుస్తకం తెప్పించుకుని సరిచేయడం మొదలుపెట్టాను. పని కష్టమైనది కాదు. కొన్ని వారాలు కూర్చుంటే అయిపోతుంది. అది అయిపోతే వంతెన అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. అదొక్కటే మనసులో పెట్టుకుని, తలెత్తకుండా చేశాను. తలెత్తితే ఫొటో.

రెండో రోజు మధ్యాహ్నం చెప్పుల చప్పుడు వినబడింది. స్కూలు పిల్లలు వరసగా లోపలికి వస్తున్నారు. ముందు మాష్, పక్కన చెర్పుళశ్శేరి విలేకరి.

"ఇటు చూడండి పిల్లలూ. భార్గవి టీచర్ జబ్బుతో ఉండి కూడా మన ఊరికోసం మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు దీన్ని ఎవరు పూర్తి చేస్తున్నారు?"

"టీచర్ భర్త," అన్నారు పిల్లలు. ముందే నేర్పించారు.

"ప్రేమతో పూర్తి చేస్తున్నారు," అన్నాడు మాష్.

"చేట్టా, కొంచెం ఫొటో వైపు తిరగండి. వేళ్లు మీటల మీదే ఉంచండి," అన్నాడు విలేకరి.

అప్పటికే మాష్ నా కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. ఈ పని అయ్యేదాకా రోజూ ఒక స్కూలు వస్తుంది. అయ్యాక ఇత్తడి పలక మీద నా పేరు కూడా చెక్కిస్తారు. ఆమె చావుని వాడుకున్నట్టే నన్నూ వాడుకుంటారు, బతికుండగానే. లేచాను.

"ఏమైంది వేలాయుధా?"

"మీరు చేసుకోండి."

"అయితే మగాళ్ల పేర్లు?"

గొడుగు కూడా తీసుకోకుండా వచ్చేశాను. వాయనశాలకి ఎదురుగా బస్సు కోసం ఆగిన ఒక ముసలాయన, చేతిలో మెంబర్షిప్ కార్డు పట్టుకుని, "నా పేరు గోవిందన్, నేను లేనంటున్నారేంటి?" అని అడిగాడు. ఆయన్ని దాటుకుని వానలోకి నడిచాను.

ఇంటికి వచ్చి తడిబట్టలతోనే కూర్చున్నాను. అక్కడికి వెళ్లి సరిచేయను. ఇక్కడ సరిచేయకపోతే గోవిందన్ లేడు. తీసేసిన వంతెనని వరస వరసగా మళ్లీ పెట్టాను. తొమ్మిది గురించి రాసిన వరసా పెట్టాను. మొత్తం పరీక్షించి అజ్మల్‌కి పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం.

"ఏట్టా, మంచిపని చేశారు. జనం ఎంత..."

"జనం సంగతి వదిలెయ్. బయటికి పంపు."

"పంపుతాను. ఒక్కటే. పేజీలో పాత వెర్షన్‌కి మద్దతు ఎప్పటిదాకా అని ఒక గడి ఉంది. మొన్న మీరే పెట్టించారు. తారీఖు వెయ్యకపోతే పేజీ సేవ్ అవట్లేదు. ఏం వెయ్యను?"

కిటికీలోంచి చూశాను. వాన అలాగే పడుతోంది.

"ఏదో ఒకటి వెయ్."

"ఏదో ఒకటి అంటే ఎలా ఏట్టా? వచ్చే ఏడు వెయ్యనా? పదేళ్లు వెయ్యనా?"

"దూరంగా వెయ్. నేను చూడనంత దూరం."

అటువైపు మీటల చప్పుడు వినబడింది. కాసేపటికి, "సేవ్ అయింది ఏట్టా," అన్నాడు.