వెన్జెల్ ఎవరికీ ఇవ్వని బండి

ఉప్పు నింపిన దిండుగలేబును నడుముకు కట్టుకుని నార్బర్ట్ వెన్జెల్ రెండో ముడి వేస్తుండగా కంచె అవతలినుంచి పక్కింటి డార్లా పిలిచింది. అతను గబుక్కున చొక్కా కిందికి లాగాడు.

"వెన్జెల్ గారూ! మీ గడ్డి కోసే ట్రాక్టర్ ఒక్క పూట ఇద్దురూ? మాది చచ్చింది. శనివారం మావాడి స్కూలు చదువు పూర్తయిన విందు. వంద మంది వస్తారు, పెరట్లో గడ్డి మోకాలిదాకా ఉంది."

"ఇవ్వను."

"కాస్త ఆలోచించుకుని చెప్పండి."

"సరే. ఆలోచించుకుని ఇవ్వనంటా."

డార్లా పకపకా నవ్వింది. స్కూలు బస్సు నడిపే మనిషి, మొండివాళ్లు ఆవిడకు కొత్త కాదు. "పదకొండింటికి మళ్లీ వస్తా," అని వెళ్లింది.

సీటు మీద మనిషి బరువు లేకపోతే, కింద పడ్డాడనుకుని ఆ ట్రాక్టర్ ఇంజను ఆగిపోతుంది. పోయిన చలికాలం కడుపు జబ్బు పట్టాక నార్బర్ట్ ఎంత తగ్గిపోయాడంటే, చిన్న గతుకు వచ్చినా బండి అతణ్ణి లెక్కచేయడం మానేసింది. పది కిలోల ఉప్పు కట్టుకుంటే మళ్లీ మనిషని ఒప్పుకుంది.

ఇస్తే డార్లా రెండు పెరళ్లూ కోసేస్తుంది, మంచి మనసుతోనే. "ఇకనుంచి మీది కూడా మేమే చూసుకుంటాం," అంటుంది. ఎదురింటి ముసలి లూథర్‌తో ఒక వేసవిలో ఎవరో ఆ మాటే అన్నారు. ఆ వేసవి నుంచి లూథర్ కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవలేదు.

నార్బర్ట్ ముప్పై ఒక్క ఏళ్లు ఊరి బడిలో నేల తుడిచాడు. చీపురు బడిది, మైనం రుద్దే యంత్రం బడిది, నడుముకు వేలాడిన తాళాల గుత్తి కూడా బడిదే. చివరి రోజు అన్నీ అప్పగించి, మర్నాడు వెళ్లి ఈ ఎర్ర ట్రాక్టర్ కొనుక్కున్నాడు. ఎవరికీ అప్పగించనక్కర్లేని వస్తువు అతనికి అదొక్కటే.

పదకొండు కాకముందే అతను బండెక్కి డార్లా పెరట్లోకి పోనిచ్చాడు.

"ఇవ్వనన్నారుగా!" వరండాలోంచి కేకేసింది.

"ఇవ్వనన్నా. కొయ్యనన్నానా?"

బడిలో నేల తుడిచినట్టే, దూరపు మూలలో మొదలుపెట్టి గేటు వైపు వచ్చాడు. తెగిన పచ్చిగడ్డి వాసనకు ఒళ్లు పులకరించింది. గడ్డిపూల తెల్లని రేకులు ఎగిరి మోచేతుల మీద అంటుకుంటే దులుపుకోబుద్ధి కాలేదు. సగం పెరడు అయ్యాక చక్రం ఏదో మట్టిదిబ్బ ఎక్కింది. ముడి జారింది. ఉప్పంతా జలజలా గడ్డిలో పడింది, ఇంజను ఆగిపోయింది.

డార్లా మెట్లు దిగి వచ్చింది. తెల్లగా పడి ఉన్న ఉప్పును చూసింది, అతని ఒంటి మీద వేలాడుతున్న చొక్కాను చూసింది.

"ఒక్క మాట అనకు, అమ్మాయ్."

దిగండి, నేను కోస్తా అంటుందని స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ షెడ్డులోకి వెళ్లి, మాంసం కాల్చడానికి తెచ్చిన బొగ్గుల బస్తా మోసుకొచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"షెడ్డులో చోటు లేదు. కాసేపు పట్టుకోండి."

"చొక్కాకి మసి అంటుతుంది."

"ఉతుక్కోండి. చిన్నప్పుడు మా బూట్ల బురదంతా తుడిచారు, ఇదో లెక్కా?"

"ఉప్పు పడ్డచోట గడ్డి చస్తుంది."

"చావనివ్వండి. అక్కడ కేకు బల్ల వేస్తా."

తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. గేటు దాకా కోసి, వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క పోచ మిగల్లేదు. సెలవులయ్యాక పిల్లలింకా అడుగుపెట్టని బడి వరండాలా ఉంది పెరడు.

"శనివారం తప్పకుండా రావాలి," అంది డార్లా.

"వస్తా. బండి మాత్రం అడక్కు."

శుక్రవారం కొత్త ఉప్పు కట్టుకుని తన పెరడూ కోసుకున్నాడు. శనివారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశాడు.

అతనింకా విందుకు రాలేదని మధ్యాహ్నం డార్లా వచ్చి తలుపు తట్టింది. పడుకున్నాడేమో, లేపడమెందుకని, బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం, బంగాళాదుంపలు, కేకు ముక్క ఉన్న కాగితం పళ్లేన్ని ట్రాక్టర్ సీటు మీద పెట్టి విందుకు వెళ్లిపోయింది. వెళ్లేముందు, గాలికి లేవకుండా పళ్లెం మీద కప్పిన అల్యూమినియం రేకును చుట్టూ గట్టిగా నొక్కింది. అంచు పొడుగునా ఆవిడ వేళ్ల గుర్తులు ఎండకు మెరుస్తున్నాయి.