మొక్కు ట్యూబులైటు

పెళ్ళయి ఐదేళ్ళు దాటినా కోడలి కడుపు పండకపోయేసరికి అడవులదీవి ఊళ్ళో పేరమ్మ అమ్మవారికి ఒక మొక్కు మొక్కుకుంది. బిడ్డ పుట్టేదాకా కొడుకూ కోడలూ పడుకునే గదిలో రాత్రంతా దీపం ఆరకూడదు. నూనె దీపమైతే సముద్రపు గాలికి నిలవదని ట్యూబులైటు పెట్టించింది. కరెంటు పోతే మొక్కు చెడుతుందని ఇన్వర్టరు కూడా కొనిపించింది. ఫ్యానుకు మాత్రం ఆ కనెక్షను ఇవ్వనివ్వలేదు. ఫ్యానుకు మొక్కుకోలేదుగా మరి!

అప్పట్నుంచీ కొడుకు నాగశివ నిద్రకు మొహం వాచిపోయాడు. వేటకెళితే వల లాగుతూనే కునుకు తీసేవాడు. చివరికి భార్య వెన్నెల పోరు పడలేక, వల కొనడానికి రేపల్లె వెళుతున్నామని తల్లితో అబద్ధమాడి, తెనాలిలో పరీక్షలు చేయించుకున్నాడు.

డాక్టర్ ప్రసన్నలక్ష్మి రిపోర్టులు చూసింది. "మీ ఆవిడకు ఏ లోపమూ లేదు. నీకే వీర్యకణాలు తక్కువున్నాయి, ఉన్నవీ చురుగ్గా లేవు. నిద్ర బాగా పడుతుందా?"

"లేదండి. గదిలో తెల్లార్లూ లైటు వెలుగుతానే ఉంటదండి."

"ఎందుకు?"

"పిల్లల కోసమండి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "చూడు నాయనా, చీకటి పడితే మన మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. నిద్ర పట్టించేది అదే. వీర్యకణాలు పాడవకుండా అది కొంత కాపలా కూడా కాస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. మొహం మీద లైటు పడుతుంటే అది తగ్గిపోతుంది. నీకిదొక్కటే కారణమని నేను చెప్పను. సిగరెట్లు మానెయ్, మిగతా పరీక్షలూ చేద్దాం. ముందు చీకట్లో పడుకో. మెలటోనిన్ మాత్రలు కొనేసి సొంత వైద్యం మాత్రం చేసుకోవద్దు."

తుఫాను గాలిలో పడవ నడిపిన మనిషికి తల్లితో ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు. లోపం తనదని తెలిస్తే వీధిలో తలెత్తుకోలేననుకున్నాడు. రేపల్లెలో కళ్ళ డాక్టరుకు చూపించుకుంటే తన కళ్ళకు వెలుతురు పడదన్నాడని తల్లితో కోశాడు. పేరమ్మ కొడుక్కి నల్ల కళ్ళద్దాలు కొనుక్కొచ్చింది. ఇక లాభం లేక ఒక రాత్రి నాగశివ లైటార్పి, ట్యూబులైటు స్టార్టరు పీకి దాచాడు. తెల్లారేసరికి పేరమ్మ వాకిట్లో నిలబడి వెన్నెలను పట్టుకుని దులిపేస్తోంది.

"దీపం ఆర్పింది నువ్వేగదటే? లోపం నీలో పెట్టుకుని, నా మొక్కు మీద పడ్డావా?"

వెన్నెల నోరు విప్పలేదు. మొగుడి వైపైనా చూడకుండా చేపలు కడుక్కుంటూ కూర్చుంది. ఆ మౌనం నాగశివకు చెంపదెబ్బలా తగిలింది. తన పరువు కోసం ఆమె తిట్లు తింటోందని సిగ్గుతో కుంగిపోయాడు.

"లోపం దానిది కాదమ్మా, నాది! డాక్టరమ్మే చెప్పింది. నన్ను చీకట్లో పడుకోమంది!" అని అరిచాడు.

 పేరమ్మ కోడలి పక్కన చతికిలబడి, ఆమె చేతిలోని చేప తీసుకుని తోమసాగింది. "నా నోరు మంచిది కాదే అమ్మా. నువ్వైనా చెప్పొచ్చుగా," అంది.

సాయంత్రానికల్లా ట్యూబులైటు పేరమ్మ గదిలోకి మారిపోయింది. అమ్మవారికి తాను సర్దిచెప్పుకుంటానంది. కిటికీకి దుప్పటి కట్టి, తలుపు సందులో గోనెపట్టా కుక్కింది. చీకటి పడగానే కొడుకునూ కోడలినీ గదిలోకి తోసి తలుపు మూసింది.

నాగశివ హాయిగా కళ్ళు మూసుకున్నాడు. అంతలో బయట వీధిలోంచి తల్లి గొంతు ఖంగుమంది.

"సుబ్బరత్నమ్మొదినా! మీ అరుగు మీద లైటు ఆర్పెయ్యి! మావాడికి కణాలు తక్కువంట, చీకట్లో పెరగాలంట! ఒరే పున్నారావా, నీ బండి లైటు ఇటెయ్యమాకు!"

ఒక్కొక్క ఇంట్లో లైటు స్విచ్చు నొక్కుతున్న చప్పుడు వరసగా వినిపించింది. నాగశివకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన వెన్నెల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆమె అలా నవ్వి ఎన్నేళ్ళయిందో.

"సిగ్గుపడమాకయ్యా, ఎవరికీ కనపడవులే," అంది.