ముందురాయి ఎవరిది?

వాగులో చేపపిల్లలంటే అమాయకపు ప్రాణులనుకునేరు! దిల్‌సుఖ్‌నగర్‌లో డాబామీది గదిలో కిరాయికుండే జ్యోతికను అడగండి, చెబుతుంది. నల్లగొండ జిల్లాలోని తన ఊరి వాగు నుంచి నాలుగు పిల్లల్ని తెచ్చి పొడవాటి గాజుతొట్టిలో వేసింది. కుడిచివర మోటారు పెట్టి నీళ్ళు పారిస్తోంది. మేత ఆ పారే నీళ్ళతోనే వస్తుంది కాబట్టి, మోటారు ముందున్న రాయి దగ్గర నిలబడ్డదానికే మొదటి ముద్ద. నెలరోజులుగా ఆ చోటు పెద్దదానిదే. కర్ర ఉన్నవాడిదే బర్రె మరి! బక్కదాన్ని ఎడమచివరకు తరిమేసింది. దానికి దక్కేది మిగిలిన నలుసులే.

"పెద్దదని గెలుస్తోందా, ముందొచ్చి చోటు పట్టిందని గెలుస్తోందా?" అని అడిగాడు ప్రాజెక్టు గైడు. సోమవారంలోపు జవాబు చూపకపోతే జ్యోతిక ఎమ్మెస్సీ ఈ ఏడు గల్లంతే. ఇవాళ శనివారం.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నమైనా రాలేదు. మోటారు ఆగిపోయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. జ్యోతిక మెట్ల దగ్గరికి పరుగెత్తింది.

"ఆంటీ, జర మగ్గు పట్టుకొని రాండ్రి."

ఇంటావిడ కుసుమకుమారిది గుడివాడ. ఆదరాబాదరా మెట్లెక్కి వచ్చి, తొట్టి నీళ్ళే ఒక చివర ముంచి ఇంకో చివర ఎత్తి పోయడం మొదలుపెట్టింది. పోసిందెక్కడ? ఎడమచివర! మోటారు ఎటుండేదో పాపం ఆవిడకేం తెలుసు.

"గటు గాదు" అనబోయిన జ్యోతిక నోరు మూసుకుంది. ప్రవాహం తిరగబడింది! తోకన ఉన్న బక్కది ఇప్పుడు తలన ఉంది. గబగబా ఆ ధారలో మేత చల్లింది. బక్కది ఎగబడి తింది. పెద్దది పది నిమిషాలు తన రాయినే అంటిపెట్టుకుని, చివరికి ఆకలాగక దూసుకొచ్చింది. బక్కది రెక్కలు విప్పి మూతితో ఒక్క పోటు పొడిచింది. మళ్ళీ వస్తే మళ్ళీ పొడిచింది. మూడోసారికి పెద్దది తోకముడిచింది!

జ్యోతిక గడియారం చూసింది. వెంటనే టైము రాసుకుంది.

"చూసిన్రా ఆంటీ, సైజు గాదు. ఎవలు ముందుగాల నిలవడితే జాగ వాళ్ళదే. పది నిమిషాలకే గా జాగ దాని ఇల్లయిపోయింది."

కుసుమకుమారి చేతిలో మగ్గు ఆగింది.

"పది నిమిషాలకే ఇల్లయిపోతే, ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న నన్ను పొమ్మంటారేంటమ్మాయ్?"

జ్యోతిక తల వాలిపోయింది. నిన్న కొత్తపేట చౌరస్తాలో, ఊరేగింపులో, ఆంధ్రోళ్ళు పొండ్రి పొండ్రి అని గొంతు చించుకున్నవాళ్ళలో తనూ ఉంది.

"పొయ్యుండ్రి ఆంటీ," అంది ఆవిడ చేతిని తొట్టి మీదికి జరుపుతూ. "నీళ్ళు పొయ్యుండ్రి. ఆపకుండ్రి."